రిపేరున్న మొదటి బండి: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

ఎడపల్లిలోనో రుద్రూర్‌లోనో బస్సు కోసం ఎదురుచూసి, నిజామాబాద్ చేరేసరికి మొదటి క్లాసు అయిపోతోందా? బోధన్‌లో పని దొరక్క రోజూ నిజామాబాద్ దాకా పోయి రావాల్సి వస్తోందా? షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్లకు పని దూరమైంది. దూరం పోవాలంటే బండి కావాలి. కొత్త బండికి డబ్బు చాలదు, వాయిదాలు కట్టే ధైర్యం రాదు. అప్పుడు చూపు పాత బండి మీద పడుతుంది. ఆ పాత బండికి ఏదో ఒక రిపేరు ఉండనే ఉంటుంది.

రిపేరుందని భయపడాలా? అక్కర్లేదు. బ్రేకులు, క్లచ్, చైన్, బ్యాటరీ లాంటివి అరిగిపోవడానికే ఉన్నాయి. అవి మారతాయి, బండి మళ్లీ నడుస్తుంది. భయపడాల్సినవి వేరే ఉన్నాయి. ఆ తేడా తెలిస్తే మీ మొదటి బండి మిమ్మల్ని ముంచదు. ఈ అధ్యాయం మీకు నేర్పేది ఆ తేడానే.

మొదట లెక్క, తర్వాతే బండి

అమ్మేవాడు చెప్పే ధరను బండి ఖరీదు అనుకోవద్దు. బండి ఖరీదులో మూడు భాగాలుంటాయి: అమ్మేవాడికి ఇచ్చేది, మెకానిక్‌కు ఇచ్చేది, కాగితాలకు అయ్యేది.

ఒక బండికి 30 వేలు చెప్పారనుకుందాం. టైర్లు, చైన్ సెట్, క్లచ్ ప్లేట్లు, బ్రేకులు కలిపి 9 వేలవుతుందని మెకానిక్ అన్నాడు. రిజిస్ట్రేషన్ రెన్యువల్, పేరు మార్పిడి, ఇన్సూరెన్స్ కలిపి 4 వేలు. మొత్తం 43 వేలు. పక్క వీధిలో ఇంకో బండి 38 వేలు, పనేమీ లేదు, కాగితాలకు రెండున్నర వేలు చాలు. మొత్తం 40,500. ఇప్పుడు చెప్పండి, ఏది చవక?

అందుకే ఒక నియమం పెట్టుకోండి. చేతిలో 40 వేలుంటే 30 వేలు దాటి బేరం చేయకండి. మిగిలిన పావు వంతు రిపేరుది, కాగితాలది. ఆ డబ్బు కూడా అమ్మేవాడి చేతిలో పెట్టేస్తే బండి మీ వాకిట్లోనే ఉంటుంది, మీరు మాత్రం బస్సులోనే పోతారు.

నంబరు ప్లేటు చెప్పే వయసు

బండి దగ్గరికి పోగానే ముందు నంబరు చూడండి. ఏపీ 25 అని ఉంటే అది ఉమ్మడి రాష్ట్రంలో నిజామాబాద్‌లో రిజిస్టర్ అయిన బండి, అంటే తెలంగాణ ఏర్పడిన 2014 జూన్‌కు ముందుది. టీఎస్ 16 అయితే ఆ తర్వాతది. టీజీ 16 అయితే 2024 మార్చి తర్వాతది.

ఇది ఎందుకు ముఖ్యం? సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని తనిఖీకి తీసుకుపోయి, గ్రీన్ టాక్స్ కట్టి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. కాబట్టి ఏపీ 25 బండి కనిపిస్తే ఆర్సీలో రిజిస్ట్రేషన్ తేదీ వేలు పెట్టి చదవండి. గడువు దాటిందా, దగ్గర పడిందా? దాటితే ఆ ఖర్చు, ఆ తిరుగుడు మీవి. వాటిని ధరలోంచి తగ్గించండి.

ట్యాంకు మీద హీరో హోండా అని ఉంటే ఆ రెండు కంపెనీలూ విడిపోకముందుదని, అంటే సుమారు 2011 నాటిదో అంతకు ముందుదో అని అనుకోవచ్చు. కానీ ట్యాంకులు మారుస్తారు. ట్యాంకు మీది పేరు కన్నా ఆర్సీలోని తయారీ నెల, సంవత్సరం నమ్మండి.

రిపేరు చేయించుకుని నడుపుకోవాలనుకునేవాళ్లకు ఇంకో సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 కాలుష్య నిబంధన వచ్చింది. అప్పటి నుంచి చాలా బండ్లలో కార్బ్యురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అందులో తేడా వస్తే స్కానర్ ఉన్న చోటికి పోవాలి. కార్బ్యురేటర్ బండిని వర్ని, కోటగిరిలో ఉండే మామూలు మెకానిక్ కూడా విప్పి బిగిస్తాడు. స్ప్లెండర్ 1994 నుంచి మన రోడ్ల మీద ఉంది. దాని సామాను దొరకని ఊరు అరుదు. మొదటి బండికి అందం కన్నా సామాను దొరకడం ముఖ్యం.

ఆ బండి ఏ బతుకు బతికింది?

కిలోమీటర్ల మీటరును నమ్మకండి. కేబుల్ తెగితే ఆగిపోతుంది, కావాలంటే వెనక్కీ తిప్పుతారు. బ్రేక్ పెడల్, ఫుట్‌రెస్ట్ రబ్బర్లు, హ్యాండిల్ గ్రిప్పులు ఎంత అరిగాయో చూడండి. ఆ తర్వాత, ఇన్నాళ్లూ బండి ఏ పని చేసిందో అడగండి.

పొలం బండి: కాలువ కింది నల్లరేగడిలో, వరి మడుల గట్ల మీద తిరిగిన బండి తక్కువ దూరమే పోయి ఉండొచ్చు, కానీ గట్టిగా నలిగి ఉంటుంది. బురద చక్రాల బేరింగుల్లోకి, చైనులోకి, బ్రేకు డ్రమ్ముల్లోకి చేరుతుంది. యూరియా బస్తాలు మోస్తే రాలిన ఎరువు ఇనుమును తినేస్తుంది. సీటు తీసి కింది ఫ్రేము, క్యారియర్, స్వింగ్ ఆర్మ్ చూడండి. పైపైన తుప్పయితే గీకి రంగు వేయొచ్చు. వేలితో నొక్కితే పెచ్చులు ఊడుతుంటే వదిలేయండి.

పాల బండి: రెండు వైపులా క్యాన్లు వేలాడిన బండికి వెనక ఫ్రేము చీలుతుంది, స్పోకులు వదులవుతాయి, షాకప్‌లు కుంగుతాయి. సీటు కింద వెల్డింగు అతుకులు వెతకండి.

కాలేజీ బండి: పైకి తళతళలాడుతుంది. క్లచ్, గేర్లు మాత్రం అరిగి ఉంటాయి. సైలెన్సర్ మార్చి ఉంటే పాతది కూడా ఇమ్మని అడగండి.

గల్ఫ్ బండి: కొడుకు దుబాయ్ పోయాడు, బండి రేకుల షెడ్డులో రెండు మూడేళ్లుగా నిలబడి ఉంది. మన జిల్లాలో ఇలాంటివి చాలా కనిపిస్తాయి. ఇంజిన్ ఎక్కువ అరిగి ఉండదు. అయితే బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, కార్బ్యురేటర్ జెట్లలో పెట్రోలు ఎండి గట్టిపడి ఉంటుంది, ట్యాంకు లోపల తుప్పు పట్టి ఉంటుంది, టైర్లు పగిలి ఉంటాయి, వైర్లను ఎలుకలు కొరికి ఉంటాయి. ఇవన్నీ బాగయ్యేవే. అసలు చిక్కు కాగితాల్లో ఉంటుంది, అది తర్వాత చెబుతాను.

వరద బండి: 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో వరదలు ముంచెత్తాయి. నీళ్లలో మునిగిన బండ్లను కడిగి, తుడిచి అమ్మే అవకాశం ఉంది. హెడ్‌లైట్ డూమ్ లోపల, మీటరు అద్దం వెనక మట్టి గీత ఉందా? ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉందా? ఉంటే ఆ బండి జోలికి పోకండి.

చూసేటప్పుడు ఈ వరుస పాటించండి

1. పగటి పూటే పోండి. వాన పడుతున్నప్పుడు, చీకటి పడ్డాక బండి చూడొద్దు. తడి మీద ఏ రంగయినా మెరుస్తుంది.

2. ఇంజిన్ మీద చేయి పెట్టండి. చల్లగా ఉండాలి. మీరు వచ్చేసరికే వేడిగా ఉందంటే, స్టార్టు కాని బండిని ముందే తంటాలు పడి స్టార్టు చేసి ఉంచారేమో. అరగంట ఆగి, చల్లారాక కిక్కు కొట్టండి.

3. కిక్కు బరువు గమనించండి. కాలికి కాస్త ఎదురు తన్నినట్టు ఉండాలి. గాల్లో కొట్టినట్టు తేలిగ్గా దిగిపోతే కంప్రెషన్ లేదు. పిస్టన్ రింగులో, వాల్వులో పోయాయి.

4. పొగ రంగు చూడండి. ఇంజిన్ వేడెక్కాక, వెనక మీ స్నేహితుణ్ణి నిలబెట్టి యాక్సిలరేటర్ ఇవ్వండి. నీలం కలిసిన తెల్ల పొగ ఆగకుండా వస్తే ఇంజిన్ ఆయిల్ మండుతోంది, అది బోరు పని, అంటే సిలిండరు, పిస్టన్ బాగుచేసే పని. నల్ల పొగయితే పెట్రోలు ఎక్కువ తాగుతోంది, చాలాసార్లు కార్బ్యురేటర్, ఎయిర్ ఫిల్టర్ దగ్గరే తేలిపోతుంది.

5. ప్లగ్గు విప్పించండి. కొస గోధుమ రంగులో పొడిగా ఉంటే మంచిది. నల్లగా, జిడ్డుగా ఉంటే పొగ చెప్పిన మాటే ప్లగ్గూ చెబుతోందన్నమాట.

6. ఆయిల్ చూడండి. మెరిసే లోహపు పొడి కనిపిస్తే లోపల ఏదో రాపిడి పడుతోంది. ఆయిల్ కొత్తగా, మరీ చిక్కగా ఉంటే చప్పుడు దాచడానికి పోశారేమో అడగండి.

7. చైనును వెనక స్ప్రాకెట్ దగ్గర పట్టి వెనక్కి లాగండి. పళ్ల మీద నుంచి బాగా పైకి లేస్తే, పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే చైన్ సెట్ మొత్తం మార్చాలి. ఒక్క చైను మారిస్తే పాత పళ్లు దాన్ని త్వరగా తినేస్తాయి.

8. మెయిన్ స్టాండ్ వేసి ముందు చక్రం లేపండి. హ్యాండిల్ మెల్లగా తిప్పితే మధ్యలో ఎక్కడో పట్టేసినట్టు ఉందా? హ్యాండిల్ తిరిగే బేరింగులు, అంటే కోన్‌సెట్ పోయింది. చక్రాన్ని అటూ ఇటూ కదిపితే ఆడుతోందా? బేరింగులు పోయాయి. రెండూ మారతాయి.

9. టైరు పక్కన నాలుగంకెలు చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైంది. గాళ్లు లోతుగా ఉన్నా రబ్బరు పగిలితే ఆ టైరు ఖర్చు లెక్కలో రాసుకోండి.

10. తడి నేల మీద నిటారుగా నడిపి, వెనక్కి వచ్చి జాడ చూడండి. రెండు చక్రాల జాడలూ ఒకదాని మీద ఒకటి పడాలి. పక్కపక్కన పడితే, మొదట చైను అడ్జస్టర్లు రెండు వైపులా సమానంగా ఉన్నాయో లేదో చూడమనండి. అవి సరిగా ఉన్నా జాడ తప్పుతుంటే ఫ్రేమో ఫోర్కో వంగింది.

11. నాలుగో గేరులో యాక్సిలరేటర్ ఇవ్వండి. ఇంజిన్ అరుస్తూ వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. గేరు దానంతటదే జారి న్యూట్రల్‌కు వస్తుంటే అది ఇంజిన్ విప్పే పని, ఖర్చు పెద్దది.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత మీ మెకానిక్‌కు చూపించండి. గుర్తుంచుకోండి, మీ మెకానిక్‌కే, అమ్మేవాడు తీసుకొచ్చిన మెకానిక్‌కు కాదు. చూసినందుకు ఆయనకు డబ్బివ్వండి. ఆ కొద్ది డబ్బు చాలా డబ్బును కాపాడుతుంది.

బాగయ్యేవి, బాగు కానివి

ఇప్పుడు మీ కాగితాన్ని రెండు భాగాలు చేయండి. ఎడమ వైపు బాగయ్యేవి: బ్రేకు షూలు, కేబుళ్లు, టైర్లు, చైన్ సెట్, బ్యాటరీ, క్లచ్ ప్లేట్లు, కోన్‌సెట్, ఫోర్కు ఆయిల్ సీళ్లు, కార్బ్యురేటర్, వైరింగ్. బోరు పని కూడా ఎడమ వైపే, కాకపోతే దాని ఖర్చు ముందే కనుక్కోవాలి.

కుడి వైపు బాగు కానివి: వంగిన లేదా చీలిన ఫ్రేము, గీకేసిన లేదా మళ్లీ గుద్దిన ఛాసిస్ నంబరు, ఆర్సీతో కలవని ఇంజిన్ నంబరు, ఆర్సీలో పేరున్న యజమాని దొరకని బండి, తీరని ఫైనాన్సు.

ఎడమ వైపు పది ఉన్నా కొనొచ్చు, ధర తగ్గితే చాలు. కుడి వైపు ఒక్కటున్నా, సగం ధరకే ఇస్తానన్నా కొనొద్దు.

కాగితాలు: అలసత్వం వద్దు

1. నంబర్లు కలపండి. హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీది ఛాసిస్ నంబరును, ఇంజిన్ మీది నంబరును ఆర్సీతో ఒక్కో అంకె చొప్పున సరిచూడండి. అదే బండి నంబరును ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి వివరాలు చూడండి. పోలీసుల ఈ-చలాన్ సైట్లో బాకీలు చూడండి. బాకీ చలాన్లు అమ్మేవాడే కట్టాలి, అదీ డబ్బు చేతికివ్వక ముందే.

2. ఫైనాన్సు చూడండి. ఆర్సీలో హైపోథికేషన్ అని ఉంటే బండి మీద అప్పుందని అర్థం. అప్పు తీరినట్టు ఫైనాన్సు సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండా ముందుకు పోవద్దు.

3. సంతకం ఎవరిది? పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 కావాలి. వాటి మీద సంతకం ఆర్సీలో పేరున్నవాడిదే ఉండాలి. గల్ఫ్ బండి దగ్గర చిక్కు ఇక్కడే. "అన్న దుబాయ్‌ల ఉన్నడు తమ్మీ, సంతకం నేను పెడ్త, ఏం గాదు" అని తమ్ముడు అంటాడు. మర్యాదగానే కాదనండి. అన్న సెలవు మీద ఊరికొచ్చినప్పుడు పని పూర్తి చేసుకుందామని, అప్పటిదాకా వేరే బండి చూసుకుంటానని చెప్పండి. యజమాని చనిపోయి ఉంటే వారసులు ముందు ఫారం 31తో బండిని తమ పేరు మీదికి మార్చుకోవాలి. ఆ తర్వాతే మీకు అమ్మగలరు.

4. సరిహద్దు బండి. సాలూర దాటితే మహారాష్ట్ర. బిలోలి, ధర్మాబాద్, నాందేడ్ వైపు నుంచి ఎంహెచ్ 26 బండ్లు మనవైపు అమ్మకానికి వస్తాయి. ధర తక్కువగా కనిపిస్తుంది. అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే ఫారం 28 కావాలి. ఏడాదికి మించి ఇక్కడ నడపాలంటే తెలంగాణ నంబరు తీసుకుని, ఇక్కడి లైఫ్ టాక్స్ కట్టాలి. ఆ లెక్క వేసుకున్నాక కూడా చవకగా ఉంటేనే ఆలోచించండి.

5. గడువులు గుర్తుంచుకోండి. ఒకే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పిడికి దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్సును కూడా 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్చమని అడగండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేని బండిని రోడ్డెక్కించడం నేరం.

అమ్మేవాళ్లకు కూడా ఒక మాట. పేరు మారకుండా బండి చేతులు మారితే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్నవాడి మీదే పడుతుందని 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. బేరంలో ఈ మాట చెప్పండి. పేరు మార్పిడి ఇద్దరికీ మేలని తెలిస్తే అమ్మేవాడు తనే ముందుకొస్తాడు.

బేరం: జాబితాతో మాట్లాడండి

"జర తగ్గించు అన్నా" అంటే ఎంత తగ్గించాలో ఆయనకు తెలియదు, మీకూ తెలియదు. జాబితా తీసి ఇలా మాట్లాడండి:

"అన్నా, బండి నాకు నచ్చింది. చైన్ సెట్ పోయింది, వెనక టైరు పగిలింది, క్లచ్ జారుతోంది. మెకానిక్ ఏడు వేలన్నడు. ఆ ఏడు వేలు తీసేసి చెప్పు."

"ఏడు వేలు గాదు తమ్మీ, అంత గాదు."

"సరే, నువ్వే చేయించి ఇయ్యి. నువ్వన్న ధరకే తీసుకుంట."

ఇక్కడ కోపం లేదు, బండిని తక్కువ చేయడం లేదు, లెక్క మాత్రమే ఉంది. ఎక్కువమంది ఆ పని తలమీద వేసుకోకుండా ధరే తగ్గిస్తారు. ఒప్పందం కుదిరితే బయానా కొద్దిగానే ఇవ్వండి. ఎంత ఇచ్చారు, మొత్తం ధర ఎంత, ఏ తేదీలోపు కాగితాలు ఇస్తారు, ఇవ్వకపోతే బయానా వాపసు అన్న నాలుగు మాటలూ కాగితం మీద రాయించుకోండి. మిగతా డబ్బు ఫారాల మీద సంతకాలు పడ్డాకే ఇవ్వండి. అదీ ఫోన్‌పే, గూగుల్‌పే లాంటి వాటితో పంపండి, జాడ మిగులుతుంది.

కొన్నాక రిపేరు ఏ వరుసలో?

బండి ఇంటికి రాగానే చాలామంది ముందు చేసే పని ఏమిటి? స్టిక్కర్లు, కొత్త సీటు కవరు. కానీ మన రోడ్లు ఒకసారి గుర్తు చేసుకోండి. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పెడతారు. రాత్రి వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీలు పోతుంటాయి. అక్కడ స్టిక్కరు మిమ్మల్ని కాపాడదు. ఈ వరుసలో ఖర్చు పెట్టండి:

1. ఆపేవి: బ్రేకు షూలు, బ్రేకు కేబుల్, టైర్లు.
2. చూపించేవి: హెడ్‌లైటు, బ్రేకు లైటు, ఇండికేటర్లు, హారన్. హెల్మెట్ కూడా ఈ ఖర్చులోనే కలపండి.
3. నిలబెట్టేవి: కోన్‌సెట్, చక్రాల బేరింగులు, స్పోకులు, షాకప్‌లు.
4. నడిపించేవి: ఇంజిన్ ఆయిల్, ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్, కార్బ్యురేటర్, చైన్ సెట్, క్లచ్.
5. అందం: డబ్బు మిగిలితే.

మెకానిక్ దగ్గర బండి వదిలేసి పోకండి. వీలైతే పక్కనే కూర్చోండి. మార్చిన పాత సామాను ఇమ్మని అడగండి. ప్లగ్గు విప్పడం, చైను బిగించి ఆయిల్ వేయడం, క్లచ్ కేబుల్ సరిచేయడం చూసి నేర్చుకోండి. రిపేరున్న బండితో మొదలుపెట్టినవాళ్లకు దొరికే లాభం ఇదే: కొన్నాళ్లకు బండి చప్పుడు వింటేనే ఎక్కడ తేడా ఉందో చెప్పగలుగుతారు. ఆడపిల్లలకు ఈ మాట మరీ గట్టిగా చెబుతున్నాను. డిచ్‌పల్లి యూనివర్సిటీ దారిలో బండి ఆగితే ప్లగ్గు తుడుచుకుని బయలుదేరగలగడం చిన్న ధైర్యం కాదు.

తరచూ జరిగే పొరపాట్లు

ఒక్క బండే చూసి కొనడం. కనీసం నాలుగైదు చూడండి, అప్పుడే చేతికి, చెవికి తేడా తెలుస్తుంది.

"సింగిల్ హ్యాండ్" అన్న మాట నమ్మడం. ఎన్నో యజమానో ఆర్సీ వివరాల్లో ఉంటుంది, చదవండి.

లైసెన్సు లేకుండా బండి కొనడం. గేరు బండికి 18 ఏళ్లు నిండాలి. లెర్నింగ్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక పరీక్షకు పోవచ్చు. బండి వెతకడం మొదలుపెట్టిన రోజే దానికీ దరఖాస్తు చేయండి.

"ఇంకెవరో వస్తున్నరు, ఇప్పుడే ఇచ్చెయ్" అంటే తొందరపడటం. పోతే పోనివ్వండి. నిజామాబాద్, బోధన్‌లలో పాత బండ్లకు కరువు లేదు.

ఈ ఆదివారం ఒక కాగితం, కలం, నమ్మకమైన మెకానిక్ ఫోన్ నంబరు పట్టుకుని బయలుదేరండి. మొదటి రోజు కొనాలని పోకండి, చూడాలని పోండి. రెండు భాగాల జాబితా రాయండి. కుడి వైపు ఖాళీగా ఉండి, ఎడమ వైపు ఖర్చు మీ లెక్కలో ఇమిడితే, ఆ బండి ఎంత పాతదైనా నిశ్చింతగా తీసుకోండి. ముందు బ్రేకులు చేయించండి, నెలలోపు మీ పేరు ఎక్కించుకోండి, హెల్మెట్ పెట్టుకోండి.